కల్లు వేళ నేర్చిన అక్షరాలు

ఈ మధ్య సర్కారు దవాఖానలో బాలమణి తరఫున ఒక కాగితం మీద సంతకం పెట్టాను. బాలమణి మా ఇంటి వెనక గదిలో కిరాయికి ఉంటుంది. మోదుగాకులతో విస్తర్లు కుట్టి పెళ్లిళ్లకూ హోటళ్లకూ ఇచ్చి బతుకుతుంది. భర్త పోయాడు, కొడుకు పట్నంలో డ్రైవరు. పొద్దు వాలగానే ఆకుల కట్ట పక్కన పెట్టి వీధి చివరి కల్లు దుకాణానికి వెళ్లడం ఆమెకు ఏళ్ల నాటి అలవాటు. అక్కడ అమ్మేది చెట్టు కల్లు కాదనీ, మత్తు పొడులు కలిపిన నీళ్లనీ తేలి, అధికారులు వచ్చి దుకాణానికి సీలు వేసి వెళ్లారు. మంచి పనే చేశారు. తాగి తాగి అలవాటు పడిన వాళ్లు తెల్లవారి ఏమవుతారో మాత్రం ఎవరికీ పట్టలేదు. ఒకటి రెండు రోజులకే బాలమణి మెడ ఒక పక్కకు వాలిపోయింది. చేతులు వణికాయి. గోడ మీద లేని చీమలను కొంగుతో దులపడం మొదలుపెట్టింది. ఆటోలో ఎక్కించి దవాఖానకు తీసుకుపోయాను.

నేను సంతకం పెట్టిన కాగితాన్ని అక్కడి నర్సమ్మ రెండుసార్లు చూసింది. చిన్నపిల్ల, నా మనవరాలి ఈడు ఉంటుంది. "అమ్మా, ఏమనుకోకుండ్రి. మీ చెయ్యి గూడ వణుకుతుందా ఏంది? అచ్చరాలు అలలు అలలుగ వచ్చినయ్. మీరు గూడ జర ఏస్తరా?" అంది. పక్క మంచం మీది ముసలాయన కిసుక్కున నవ్వి, "ఏస్తే ఏసింది గని బిడ్డా, పేరైతే గీత మీదనే రాసింది గదా. నాకైతే గీతనే కనపడదు," అన్నాడు. నేనూ నవ్వాను. చేయి చాపి ఆమె ముందు పెట్టాను. అది నిలకడగానే ఉంది. నా చేయి వణకదు. నా అక్షరం వణుకుతుంది. ఆ సంగతి ఆ పిల్లకు నిలబడి చెప్పేంత చిన్నది కాదు కాబట్టి ఊరుకున్నాను. ఇంతలో బాలమణి చేతిలోని స్టీలు గ్లాసు ఇనుప మంచం పట్టీకి తగిలి టకటకా కొట్టుకోవడం మొదలుపెట్టింది. ఆ చప్పుడు నేను ఇదివరకు విన్నదే. మా ఇంట్లో, మా అమ్మ చేతిలో.

మా ఇల్లు మెదక్ ఖిల్లా గుట్టకు ఇవతలి పక్కన. అప్పట్లో మాకు గడియారం లేదు, గుట్ట నీడే గడియారం. మధ్యాహ్నం దాటాక ఆ నీడ మెల్లగా దిగి మా వాకిట్లోకి వచ్చేది. మొదట కుడితి తొట్టిని, తరువాత బట్టలుతికే బండను ముట్టుకునేది. బండను ముట్టుకుందంటే కల్లు వేళ అయినట్టు. ఎవరూ చెప్పక్కర్లేదు. వీధిలో ఆడవాళ్ల చేతుల్లో చెంబులు కదిలేవి, దుకాణం వాడి సైకిలు గంట వినిపించేది, గాలిలో పులుపూ తీపీ కలిసిన ఒక వాసన తిరిగేది. ఇప్పుడు గుట్టకూ మా వాకిలికీ మధ్య మూడంతస్తుల మేడ లేచింది. నీడ ఎప్పుడు వస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. అయినా ఆ వేళకు నా ఒళ్లు దానంతటదే కాస్త బిగుసుకుంటుంది. నేను జన్మలో ఒక గుక్క తాగలేదు. కానీ తాగే మనిషి పక్కన పెరిగిన ఒంటికి ఆ వేళ తెలుస్తుంది.

మా నాయిన తల్లిని బాపమ్మ అని పిలిచేవాళ్లం. ఇంటి పెత్తనం ఆమెది. నాట్ల కాలంలో హవేలిఘనపూర్ పొలాలకు కూలికి వెళ్లేది. తిరిగి వచ్చేటప్పటికి ఆమె చీర నిండా బురద వాసన, నోటి నిండా ఆకువక్క వాసన. పొద్దున్నే స్నానం చేసి ఏడుపాయల అమ్మవారి గుడి దిక్కుకు తిరిగి దండం పెట్టుకునేది. మంత్రాలు రావు. అమ్మవారికి తనకు మేలు చేసినవాళ్ల పేర్లన్నీ ఒక్కొక్కటిగా చెప్పుకునేది: పాలిచ్చే బర్రె, చేదబావి, పక్కింటి చాచీ, కిందటి రోజు దారిలో మోపు ఎత్తిన మనిషి ఎవరో. "అడుగుడు ఎప్పుడన్న అడగొచ్చు, ముందుగాల ఇచ్చింది ముట్టినట్టు చెప్పాలె," అనేది. నాకు తెలిసిన ప్రార్థన ఈ ఒక్కటే. ఈనాటికీ అదే చేస్తాను.

అమ్మకు కల్లు అలవాటు చేసింది ఈ బాపమ్మే. నా తరువాత పుట్టిన తమ్ముడు ఏడవలేదు. పుట్టాడు, ఏడవకుండానే పోయాడు. పాలు గడ్డకట్టి, కన్ను మూతపడక అమ్మ గోడ చూస్తూ కూర్చునేది. బాలింతకు కల్లు బలమని, నిద్ర పడుతుందని అందరూ అనేవారు. అందరి ఇళ్లలోనూ అంతే. బాపమ్మ తన కాలంలో చెట్టు దిగిన కల్లు తాగిన మనిషి. దుకాణం కల్లు వేరని ఆమెకు తెలియదు. ఇత్తడి చెంబులో తెచ్చి, అలవాటు ప్రకారం ముందుగా నాలుగు చుక్కలు పోచమ్మకని నేల మీద సాక పోసి, మిగిలినది అమ్మ చేతికి ఇచ్చింది. అమ్మ నిద్రపోయింది. ఇంటిల్లిపాదీ సంతోషించారు. ఆ నిద్ర కోసం మరునాడు మళ్లీ తెచ్చారు. కొన్నాళ్లకు తేవడం మానేశారు, ఎందుకంటే అమ్మే వెళ్లడం మొదలుపెట్టింది.

ఆ రోజుల వాసన అంటే నాకు మాడిన పప్పు వాసన. పొయ్యి మీద పెట్టి పక్కనే ఒరిగిపోయేది అమ్మ. నేను గిన్నె దించబోయి చేయి కాల్చుకుని ఏడిస్తే కళ్లు తెరిచి, ఎవరో పరాయి పిల్లను చూసినట్టు చూసి మళ్లీ మూసుకునేది. కొట్టేది కాదు, తిట్టేది కాదు. ఇంట్లో ఉండి కూడా లేకపోవడం అంటే ఏమిటో నాకు అప్పుడే తెలిసింది. ఒక సాయంత్రం పొయ్యిలోంచి నిప్పు ఆమె కొంగుకు పాకింది. బాపమ్మ తడి గోనెసంచి వేసి ఆర్పింది. కొంగు కాలి బూడిదైనా అమ్మకు మెలకువ రాలేదు. బాపమ్మ ఆ బూడిదను గుప్పిట్లోకి ఎత్తుకుని చాలాసేపు చూసింది. మరునాడు పొద్దున దండం పెట్టుకున్నాక మా నాయినతో ఒకే మాట అంది: "నేను తాపిన. నేనే మాన్పిస్త."

తలుపు గడియ వేసి అమ్మను లోపల ఉంచారు. పక్కింటి చాచీ కిటికీలోంచి జావ గిన్నె అందిస్తూ, "అరే, మనిషిని గట్ల మూసిపెడితె ఎట్లనమ్మా, సచ్చిపోతది," అని ఏడ్చేది. అయినా జావ తేవడం మానలేదు. అమ్మ మెడ వంకర తిరిగింది. గ్లాసు పట్టుకుంటే పళ్లకు తగిలి టకటకమనేది. ఆ మెలికల మధ్య అమ్మ ఉన్నట్టుండి చెవి ఒగ్గి, "పోరడు ఏడుస్తుండు అత్తా. పాలకు ఏడుస్తుండు. తీసుకరా," అనేది. పుట్టినప్పుడు ఏడవని పిల్లవాడు. "ఎత్తుకున్న, ఎత్తుకున్న. నువ్వు పండుకో సత్తెమ్మా," అంటూ బాపమ్మ ఖాళీ ఒడిని ఊపేది. మా నాయిన బయటికి వెళ్లి బర్రె మెడ పట్టుకుని నిలబడేవాడు. నేను మూలన కూర్చుని ఆ ఒడిలోకి చూసేదాన్ని. అక్కడ నిజంగానే ఎవరైనా ఉన్నారేమోనని. ఆ ఏడుపు నేను వినలేదు. కానీ వినలేదని గట్టిగా చెప్పమంటే ఇప్పటికీ నోరు రాదు.

అమ్మ బతికింది. ఈ మధ్య దవాఖానలో డాక్టరమ్మ నాతో, "మీరు జల్ది తోలుకొచ్చిండ్రు, మంచిపని చేసిండ్రు. ఇంట్లనే ఒక్కసారి బంద్ జేయిస్తే పానానికే మోసం," అంది. మేము చేసింది సరిగ్గా అదే. మాకు తెలియదు. అమ్మవారు తెలియనివాళ్లను కాచింది, అంతే. ఈ మందులూ ఈ డాక్టరమ్మా అప్పుడు లేరు. ఇప్పుడు ఉన్నందుకు రోజూ దండం పెట్టుకుంటున్నాను.

ఒంటి బాధ తగ్గాక అసలు బాధ మొదలైంది. నీడ బండను ముట్టుకునే వేళకు అమ్మ లేచి నిలబడేది. ఎక్కడికి అంటే చెప్పేది కాదు. కాళ్లే వెళ్లేవి. బాపమ్మ ఎంతకాలమని కూలి మానుకుని కాపలా కూర్చుంటుంది? నన్ను బడిలో వేయవలసిన ఏడు అది. బాపమ్మ బడికి పంపలేదు. పలక ఒకటి తెచ్చి అమ్మ ముందు పెట్టింది. అమ్మ అల్లాదుర్గ్‌లో అయిదో తరగతి దాకా చదివింది. మా ఇంట్లో చదువు వచ్చినది ఆమెకొక్కతికే.

"గీ పోరికి నాలుగు అచ్చరాలు చెప్పు."

"నా చెయ్యి ఆగుతలేదు అత్తా. గీత నిలువది."

"నిలువకుంటే మానె. వంకర అచ్చరంల పిలిస్తే దేవుడు పలకడా? తలుపుకడ్డం కూసొని చెప్పు. నీడ గోడెక్కేదాక లేవొద్దు."

అలా నా చదువంతా కల్లు వేళకే సాగింది. గడపకు అడ్డంగా అమ్మ, అమ్మ ఒళ్లో నేను, నా ఒళ్లో పలక. నా చేతిని తన గుప్పిట్లో పట్టుకుని 'అ' దిద్దించేది. ఆ గుప్పిట వణికేది. బయట సైకిలు గంట మోగితే మరీ వణికేది. బలపం పలక మీద కీచుమనేది. అక్షరం అల మీద పడవలా ఊగేది. అక్షరం అంటే అలాగే ఉంటుందని నేను అనుకున్నాను. శ్రద్ధగా ఆ వంపులన్నీ నేర్చుకున్నాను. అమ్మ మెడ మీది చెమట, బలపం పొడి, గాలిలో తేలి వచ్చే ఆ పులుపు వాసన, ఇవే నా బడి. నెలలు గడిచాక అమ్మ చేయి కుదురుకుంది. ఆమె అక్షరాలు గుండ్రంగా, ముత్యాల్లా వచ్చాయి. ఒకనాడు నా పలక చూసి, "గట్ల వణికిస్తవేందే, మంచిగ రాయరాదు?" అని కసిరింది. నేను భయపడి, "నువ్వు చెప్పినట్టే రాసిన గదనే," అన్నాను. అమ్మ పలకకేసి చూసింది. కొంగుతో తుడవబోయి ఆగింది. ఆ రోజుకు ఇక పాఠం జరగలేదు. ఆ తరువాత ఎన్నడూ నా దస్తూరి గురించి ఒక్క మాట అనలేదు.

ఇంట్లో మానడం ఒక ఎత్తు, చుట్టాల్లో మానడం ఇంకో ఎత్తు. మా వాళ్లలో పుట్టుకకు కల్లు, పిల్లనిచ్చే మాటకు కల్లు, చావుకు కల్లు. గిన్నె అందించడమంటే చుట్టరికం అందించడం. వద్దంటే మనిషినే వద్దన్నట్టు. ఒక పురుడు ఇంట్లో అమ్మ వద్దంది. "ఏందమ్మా, మా ఇంటి కల్లు చేదైందా? అచ్చరాలు చెప్పి దొరసానివైనవా?" అని అందరిలో నవ్వారు. ఆ నవ్వుకు అమ్మ తాగింది. ఇంటికి వచ్చి గోడకు తిరిగి పడుకుంది. బాపమ్మ మరునాడు నీడ బండను ముట్టుకునే వేళకు పలక శుభ్రంగా కడిగి ఆమె ముందు పెట్టింది. "అ కాన్నుంచి మొదలుపెట్టు," అంది. నాకు అప్పటికే గుణింతాలు వచ్చు. అయినా మళ్లీ 'అ' దిద్దాను, మళ్లీ వణికే గుప్పిట్లో.

కానీ బాపమ్మ ఆలోచనలో పడింది. తిట్టి లాభం లేదు, చుట్టాలను మార్చడం అంతకన్నా కాదు. చివరికి ఆమెకు సాక గుర్తొచ్చింది. నేలకు పోసిన సాక దేవతది. దాన్ని ఎవరూ తప్పుపట్టరు, ఎందుకు పోశావని అడగరు. కుడితి తొట్టి దగ్గర చెంబుతో నీళ్లిచ్చి కోడలికి నేర్పింది. "వద్దనకు. వద్దంటే లొల్లి. రెండు చేతుల పట్టుకో, నొసటికి ఆనిచ్చుకో, భూమికి పొయ్యి. గిన్నె తిప్పి ఇచ్చెయ్యి." అమ్మ పోసేది. "మెల్లగ పోస్తున్నవ్, వాసన నీ ముక్కుకొస్తది. జల్ది పొయ్యి," అనేది బాపమ్మ. వీధిలో వాళ్లు ఈ అత్తాకోడళ్లకు పిచ్చి పట్టిందనుకున్నారు.

ఆ నేర్పు అక్కరకు వచ్చింది మా మేనమామ దినం నాడు. అమ్మకు ఒక్కడే అన్న. తాగి తాగి కడుపు ఉబ్బి పోయాడు. అల్లాదుర్గ్‌లో ఆ ఇంటి ముందర అందరం చాపల మీద కూర్చున్నాం. మగవాళ్ల వరుసలో మా నాయిన, ఆడవాళ్ల వెనక దూరంగా బాపమ్మ. వియ్యపురాలు కాబట్టి ఆమె ఆ ఇంట్లో నోరు తెరవకూడదు. పోయినవాడి భార్య, మా అత్త, గిన్నె నిండా కల్లు పోసుకుని వచ్చి అమ్మ ముందు వంగింది. "పట్టు సత్తెమ్మా. నీ అన్న ఇంటి కల్లు. దుఃఖం దిగుతది."

అమ్మ రెండు చేతులా అందుకుంది. నొసటికి ఆనించుకుంది. గిన్నె అక్కడే ఆగిపోయింది. ముఖానికి అంత దగ్గరగా. నేను ఆమె మోకాలి పక్కనే ఉన్నాను. ఆమె ముక్కు పుటాలు తెరుచుకోవడం చూశాను. గొంతులో గుటక దిగడం చూశాను. వెనక్కి తిరిగి బాపమ్మ కోసం చూస్తే ఆమె కళ్లు మూసుకుని ఉంది. పెదవులు కదులుతున్నాయి, పేర్లు చెప్పుకుంటోంది. గిన్నె వణికింది. అంచున రెండు చుక్కలు ఒలికి అమ్మ మణికట్టు మీదుగా జారాయి. అప్పుడు వంచింది. మొత్తం నేల మీద పోసింది. "అన్నా, తాగు," అంది.

అత్త మళ్లీ నింపింది. అమ్మ మళ్లీ పోసింది. మూడోసారికి ఎవరో పెద్దావిడ, "అంత నేలపాలే జేస్తవా ఏందే? నేలకేమన్న నోరున్నదా?" అంది. మగవాళ్ల వైపు నుంచి ఒకాయన, "పోయనియ్యి తియ్యి, బతికినప్పుడు వానికి గింత మర్యాద ఎవ్వలు జేసిండ్రు," అన్నాడు. కొందరు నవ్వారు. అత్త నవ్వలేదు. గిన్నె పట్టుకుని నిలబడి, "నా చేతిది తాగవా సత్తెమ్మా? తల్లిగారిల్లు తెంపుకుంటవా?" అంది.

"తెంపుకుంటలేను వదినె. నా వంతు గూడ అన్ననే తాగనియ్యి," అంది అమ్మ. నా తల మీద చేయి వేసింది. "నేను గూడ తాగితే రేపు గీ పోరి గిట్లనే చాప మీద కూసోవాలె."

అత్త గిన్నె కింద పెట్టి చాప మీదే కూలబడింది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడు వచ్చింది ఆమెకు. అమ్మ ఆమెను పట్టుకుంది. తడిసిన నేల నుంచి వాసన లేస్తూనే ఉంది. ఆ ఇద్దరూ ఆ వాసనలోనే ఏడ్చారు.

తిరుగు బస్సులో అమ్మ కిటికీ పక్కన కూర్చుంది. కల్లు ఒలికిన కుడి చేయిని కిటికీ బయటికి చాపి పెట్టింది. బోరింగు దగ్గర ఎన్నిసార్లు కడిగిందో, అయినా దాన్ని ఒంటి దగ్గరికి రానివ్వలేదు. ఊళ్లు పోతున్నాయి, గాలి ఆమె వేళ్ల మధ్య నుంచి పోతోంది. "చెయ్యి లోపల పెట్టు సత్తెమ్మా, ఎదురుంగ బస్సులొస్తయ్," అంది బాపమ్మ. "ఇంక వాసన పోలే అత్తా," అంది అమ్మ. బాపమ్మ ఆమె రెండో చేయిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుంది. మెదక్ వచ్చేదాకా అలాగే వచ్చాం. ఒక చేయి గాలిలో, ఒక చేయి బాపమ్మ గుప్పిట్లో.

అమ్మ మళ్లీ తాగలేదు. బాపమ్మ పోయినా, నాయిన పోయినా తాగలేదు. నాయిన బయట తాగిన రోజు ఇంట్లోకి వచ్చేవాడు కాదు, వాకిట్లో మంచం మీదే పడుకునేవాడు. మాటలు తక్కువైన మనిషి చేసిన సాయం అది. అమ్మ మాత్రం ముసలితనంలోనూ ఆ వేళకు లేచి కూర్చునేది. కళ్లు సరిగ్గా కనపడని రోజుల్లో కూడా, "నీడ బండ మీదికి వచ్చినట్టున్నది," అనేది. మాన్పించడం అంటే కోరికను చంపడం అనుకుంటారు బయటివాళ్లు. మా అమ్మ కోరిక ఆమెతో పాటే ముసలిదైంది తప్ప చావలేదు.

ఆమె పోయాక పిట్టకు పెట్టే నాడు చుట్టాలు వచ్చారు. చనిపోయినవాళ్లకు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెడతాం, పిట్ట వచ్చి ముట్టాలి. అన్నం, పప్పు, ఆమెకు నచ్చే చింతచిగురు కూర పెట్టాను. ఎవరో మెల్లగా, "జరంత కల్లు పెడదామా? ఒకప్పుడు పానం గదా ఆమెకు," అన్నారు. ఇష్టం లేదని నేనెలా చెప్పను? వద్దని మాత్రం చెప్పాను. పిట్ట రాలేదు. ఎండ ఎక్కింది. అందరూ నా ముఖం చూశారు. చివరికి విస్తరి ఆవుకు పెట్టి లేచాం. ఇప్పటికీ ఆ విస్తరి నా కళ్ల ముందే ఉంటుంది. అమ్మ ఎక్కడో కొమ్మ మీద కూర్చుని, దిగక, చూస్తున్నట్టు.

బాలమణి దవాఖాన నుంచి వచ్చి వారం దాటింది. గోలీలు ఇచ్చారు, మళ్లీ రమ్మన్నారు. కొడుకు ఫోన్ చేసి, "అమ్మను జర చూసుకోండ్రి," అన్నాడు. అప్పుడు మా అమ్మకు ఒక అత్త, ఒక వాకిలి, కిటికీలోంచి జావ అందించే చాచీ ఉన్నారు. బాలమణికి మందులు ఉన్నాయి, ఒక గది ఉంది. రెండూ ఒకచోట ఉంటే ఎంత బాగుండేదో. నిన్న ఆ వేళకు నా ఒళ్లు బిగుసుకోగానే లేచి ఆమె గదికి వెళ్లాను. గడప మీద చెప్పులు వేసుకుని నిలబడి ఉంది. ఎక్కడికని అడగలేదు. దుకాణం మూసి ఉందని ఆమెకూ తెలుసు. మరో వీధిలో దొంగచాటుగా దొరుకుతుందని ఇద్దరికీ తెలుసు. గడపకు అడ్డంగా కూర్చున్నాను.

"బాలమణీ, నాకు విస్తరి కుట్టుడు నేర్పు."

"నీకెందుకక్కా గిప్పుడు? పెండ్లి జేసుకుంటున్నవా?"

"ఆకులు తియ్యి ముందుగాల."

ఆమె కదలలేదు. వీధిలో ఎవరి సైకిలో గంట కొట్టుకుంటూ పోయింది. ఇద్దరం అది దూరమయ్యేదాకా విన్నాం. అప్పుడు అడిగింది: "అక్కా, మీ అమ్మకు ఆఖరిదాక యాదికొస్తుండెనా?"

అబద్ధం చెబుదామనుకున్నాను. "వస్తుండె," అన్నాను.

"మరి ఏం జేస్తుండె?"

"పలక తెమ్మంటుండె."

బాలమణి చెప్పులు విడిచింది. నా పక్కన చతికిలబడి, రెండు ఆకులు ఒకదాని మీద ఒకటి పెట్టి, నా వేళ్ల మధ్య ఈనె పుల్ల ఉంచి, నా చేతిని తన గుప్పిట్లో పట్టుకుంది. ఆ గుప్పిట వణుకుతోంది. నా మొదటి కుట్టు వంకరగా, అల మీద పడవలా పడింది. నేను దాన్ని సరిచేయలేదు.